రైలు తనే నడుస్తుంటే క్యాబ్‌లో నేనెందుకు?

"అక్కా, మెట్రో నడపడం గురించి మన మ్యాగజైన్‌కి ఒక వ్యాసం రాయవా?" అని క్లబ్ తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగారు. అడిగిన చోటే ఇంకో ప్రశ్న కూడా పెట్టారు: "అయినా ఆ రైలు దానంతట అదే వెళ్తుందట కదా, మరి నువ్వేం చేస్తావ్?" మా పెదనాన్న ఇదే ప్రశ్న ఇంకో రకంగా అడుగుతారు: "బీటెక్ చదివి డ్రైవర్ పనేంటమ్మా?"

రెండింటికీ జవాబు ఒకటే. కాకపోతే అది ఒక్క వాక్యంలో చెప్పేది కాదు. నేను కొత్త ట్రైన్ ఆపరేటర్‌ని. సర్వీసు తక్కువే అయినా ట్రైనింగ్ పాఠాలు ఇంకా తలలో తాజాగా ఉన్నాయి, కాబట్టి ఇప్పుడే రాయడం మంచిదనిపించింది.

ముందు రైలు సంగతి

మన హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్ 28న మొదలైంది. ఇప్పుడు మూడు కారిడార్లు: మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్. మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. ఢిల్లీలోనో, న్యూయార్క్‌లోనో ఉన్నట్టు సొరంగాలు ఇక్కడ లేవు, అంతా స్తంభాల మీదే. రైలుకి మూడు బోగీలు. దక్షిణ కొరియాకి చెందిన హ్యుందాయ్ రోటెమ్ తయారీ. పైన తీగలో 25 కేవీ కరెంటు.

అసలు విశేషం సిగ్నలింగ్‌లో ఉంది. దాని పేరు సీబీటీసీ, అంటే రేడియో ద్వారా రైలుతో మాట్లాడుతూ నడిపే పద్ధతి. పాత పద్ధతిలో పట్టాలని బ్లాకులుగా విడగొడతారు. ఒక బ్లాకులో రైలుంటే ఇంకో రైలు అందులోకి రాకూడదు. రైలు ఆ బ్లాకులో ఎక్కడుందో అనవసరం, మొత్తం బ్లాకు దానిదే. సీబీటీసీలో అలా కాదు. "నేను ఇక్కడున్నాను, ఇంత వేగంతో పోతున్నాను" అని రైలే ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటుంది. "నువ్వు ఇక్కడిదాకా రావచ్చు" అని కంట్రోల్ కంప్యూటర్ జవాబిస్తుంది. ముందు రైలు కదిలేకొద్దీ వెనక రైలు హద్దు కూడా ముందుకు జరుగుతుంది. అందుకే రైళ్లని దగ్గర దగ్గరగా నడపొచ్చు.

మెకానికల్ వాళ్లకి ఇక్కడ ఒక చిన్న లెక్క. రైలు తను ఎంత దూరం వచ్చిందో చక్రం తిరిగిన లెక్కతో తెలుసుకుంటుంది. కానీ చక్రం అరిగేకొద్దీ చుట్టుకొలత తగ్గుతుంది, వానలో చక్రం జారుతుంది కూడా. అంటే లెక్క మెల్లగా తప్పుతుంది. అందుకని పట్టాల మధ్య అక్కడక్కడా గుర్తింపు ట్యాగులు పెడతారు. రైలు వాటి మీదుగా వెళ్లినప్పుడల్లా తన లెక్కని సరిచేసుకుంటుంది.

ఆటోమేటిక్ అంటే ఎంత ఆటోమేటిక్?

దీనికి గ్రేడ్లున్నాయి. మొదటి గ్రేడ్‌లో మనిషే నడుపుతాడు, హద్దు దాటితే కంప్యూటర్ ఆపుతుంది. రెండో గ్రేడ్‌లో బయల్దేరడం, వేగం, ప్లాట్‌ఫాం దగ్గర ఆగడం అన్నీ రైలే చూసుకుంటుంది. తలుపుల సంగతి చూసి బయల్దేరదీయడానికి, ఏదైనా తేడా వస్తే పట్టుకోవడానికి ముందు క్యాబ్‌లో మనిషి ఉంటాడు. మూడో గ్రేడ్‌లో ముందు క్యాబ్‌లో ఎవరూ ఉండరు గానీ రైల్లో సిబ్బంది ఉంటారు. నాలుగో గ్రేడ్‌లో అసలు సిబ్బందే అక్కర్లేదు.

మనది రెండో గ్రేడ్. ఇదేం కొత్త కాదు. లండన్ విక్టోరియా లైన్ 1968లోనే ఇలా మొదలైంది. ఆపరేటర్ తలుపులు మూసి రెండు బటన్లు ఒకేసారి నొక్కితే రైలు తర్వాతి స్టేషన్‌కి తనే వెళ్లేది. పొరపాటున చెయ్యి తగిలి కదలకూడదనే రెండు బటన్లు. మన దేశంలో 2020 డిసెంబర్‌లో ఢిల్లీ మెజెంటా లైన్‌లో డ్రైవర్ లేని రైలు మొదలైంది. అయితే ఆ లైన్‌లో ప్లాట్‌ఫాం అంచున గేట్లున్నాయి, రైలు వచ్చి ఆగాకే తెరుచుకుంటాయి. మన దగ్గర ఆ గేట్లు లేవు. పసుపు గీతే గేటు. నేనెందుకున్నానో అనడానికి సగం జవాబు ఇదే.

ట్రైనింగ్‌లో ఏం నేర్పుతారు?

రాత పరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ మామూలే. ఆ తర్వాత వచ్చే మెడికల్‌లో కంటి చూపు, రంగుల గుర్తింపు చాలా కచ్చితంగా చూస్తారు. ఏకాగ్రతకి వేరే పరీక్ష ఉంటుంది. చదువులో టాపర్లు కూడా ఇక్కడ ఆగిపోవచ్చు.

ట్రైనింగ్‌లో నాలుగు మెట్లు. మొదటిది క్లాసు: నియమాలు, సిగ్నలింగ్, బ్రేకులు, కరెంటు. మన ఈఈఈ సబ్జెక్టులు ఇక్కడ నిజంగా పనికొచ్చాయి. బ్రేక్ వేస్తే మోటార్లు జనరేటర్లుగా మారి కరెంటుని తిరిగి తీగలోకి పంపుతాయని పరీక్ష కోసం రాశాం కదా, అది చేతిలో లివర్ పట్టుకుని చూస్తే వేరే సంగతి.

రెండోది డిపో. అక్కడ రైలుని తెల్లవారుజామున "నిద్రలేపడం" నేర్పుతారు. బ్రేకులు, తలుపులు, లైట్లు, హారన్, రేడియో, అనౌన్స్‌మెంట్ ఒక్కొక్కటే చూసి టిక్కు పెట్టాలి. ఎప్పుడూ ఒకే వరస. నిన్న బాగుంది కాబట్టి ఇవాళ వదిలేద్దాం అనేది లేదు.

మూడోది సిమ్యులేటర్. సినిమా అంతా ఇక్కడే. తలుపు మూసుకోదు, పొగ వస్తుంది, కరెంటు పోతుంది, రేడియో మూగబోతుంది, పట్టాల మీద మనిషి కనబడతాడు. అన్నీ బాగున్న ప్రయాణం సిమ్యులేటర్‌లో చాలా తక్కువ. ఎందుకంటే అన్నీ బాగున్నప్పుడు నాతో పనే లేదు. కంప్యూటర్ తప్పుకున్న రోజు నెమ్మదిగా, చేత్తో, గంటకి 25 కిలోమీటర్లు దాటకుండా తదుపరి స్టేషన్‌కి చేర్చడమే మనం నేర్చుకోవలసింది.

సాహితీ క్లబ్ కాబట్టి ఒక మాట చెప్పాలి. సిమ్యులేటర్‌లో నాకు కష్టమనిపించింది బ్రేక్ కాదు, అనౌన్స్‌మెంట్. రెండు స్టేషన్ల మధ్య రైలు ఆగితే లోపల వందల మంది ఉంటారు. ఎవరైనా భయపడి తలుపు తీసుకుని దిగితే కింద వయాడక్టు, పైన 25 కేవీ. "దయచేసి కంగారు పడకండి" అంటే వినేవాళ్లకి ముందు వినబడేది "కంగారు" అనే మాటే, అని మా ట్రైనర్ చెప్పారు. దానికి బదులు మూడు సంగతులు చెప్పమన్నారు: రైలు ఆగింది, ఇందుకు ఆగింది, మీరు లోపలే ఉండండి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడింటిలోనూ అంతే చిన్నగా. మనం కవితల్లో మాట తగ్గించడానికి పడే కష్టం అక్కడ పది సెకన్లలో పడాలి.

కంట్రోల్ సెంటర్‌తో మాట్లాడేటప్పుడు ఇంకో నియమం: వాళ్లు చెప్పినది మనం తిరిగి చెప్పాలి. "సరే సార్" అంటే కుదరదు. విన్నది ఏమిటో పైకి చెబితేనే విన్నట్టు లెక్క.

నాలుగోది లైను మీద, అనుభవం ఉన్న ఆపరేటర్ పక్కన ఉండగా. ఏ వంపు దగ్గర ఎంత వేగం, ఏ స్టేషన్‌లో ఏ పక్క తలుపులు, పొద్దున ఎక్కడ ఎండ సరిగ్గా కళ్లలో పడుతుంది అన్నీ ఒంటికి పట్టాలి. ఆ తర్వాతే పరీక్ష, సామర్థ్య పత్రం. అది చేతికొచ్చాకే ఒంటరిగా క్యాబ్ ఎక్కనిస్తారు.

డ్యూటీలో ఒక స్టేషన్

డ్యూటీ మొదలవ్వగానే శ్వాస పరీక్ష. ఫోన్ ఆపేసి బ్యాగులో. రైలు ప్లాట్‌ఫాంలోకి వస్తుంటే నా చూపు గీత దగ్గరి మనుషుల మీద ఉంటుంది. ఆగాక సరైన చోట ఆగిందా, తలుపులు సరైన పక్కే తెరుచుకున్నాయా చూస్తాను. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు అయ్యాక తలుపులు మూసి, ఏ తలుపులోనూ చున్నీ, బ్యాగు పట్టీ ఇరుక్కోలేదని చూసుకుని, ప్యానెల్ మీద అన్ని తలుపులూ మూసుకున్నట్టు దీపం వచ్చాక స్టార్ట్. ఒకటిన్నర, రెండు నిమిషాల్లో మళ్లీ ఇదే. రోజంతా ఇదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. రైలు 60 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, అంటే సెకనుకి 16.7 మీటర్లు. ఎమర్జెన్సీ బ్రేక్‌తో వేగం ప్రతి సెకనుకీ 1.3 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. ఇంటర్‌లో చదివిన సూత్రమే: వేగం వర్గాన్ని రెండింతల మందనంతో భాగిస్తే 107 మీటర్లు. నేను చూసి నొక్కడానికి ఒక్క సెకను పడితే ఇంకో 17. మొత్తం 124 మీటర్లు. మూడు బోగీల రైలు పొడవుకి ఇది దాదాపు రెండింతలు. 80 వేగంలో అయితే 212 దాటుతుంది. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద పోతుంది, బస్సు టైరుకున్న పట్టు దీనికి లేదు. తొలకరి చినుకులు పడి పట్టా మీది దుమ్ము తడిసినప్పుడు ఉన్న పట్టు కూడా తగ్గుతుంది. ఆ ఒక్క సెకను ఒకటిన్నర కాకుండా చూసుకోవడమే నా ఉద్యోగం.

వాషింగ్టన్, 2009

ట్రైనింగ్ రోజుల్లో చదివిన వాటిలో నేను మర్చిపోలేనిది ఒకటుంది. 2009 జూన్ 22న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, ఫోర్ట్ టాటెన్ స్టేషన్ దగ్గర ఒక మెట్రో రైలు ఆగి ఉంది. వెనక నుంచి ఇంకో రైలు ఆటోమేటిక్ మోడ్‌లో వస్తోంది. అక్కడి పట్టాలోని ట్రాక్ సర్క్యూట్ పాడై, ఆగి ఉన్న రైలుని గుర్తించలేదు. కంప్యూటర్ దృష్టిలో దారి ఖాళీ. అందుకే వెనక రైలుకి వేగం తగ్గించమని చెప్పలేదు. ముందు రైలు కంటబడ్డాక ఆ ఆపరేటర్ ఎమర్జెన్సీ బ్రేక్ వేసినట్టు దర్యాప్తులో తేలింది. దూరం చాల్లేదు. ఆమెతో కలిపి తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత 15 ఏళ్లకి పైగా అక్కడ రైళ్లని మనుషులే చేత్తో నడిపారు. 2024 డిసెంబర్‌లో గానీ రెడ్ లైన్‌లో ఆటోమేటిక్ మళ్లీ మొదలుపెట్టలేదు.

మన దగ్గర ఉన్నది వేరే పద్ధతి, ఆ లోపం ఇక్కడ అలాగే వస్తుందని కాదు. నేను గుర్తు పెట్టుకున్నది వేరు. కంప్యూటర్ తనకి తెలిసిన లోకంలో ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. తెలియని దాన్ని తనకి తెలియదని చెప్పలేదు. అద్దంలోంచి బయటికి చూసే రెండు కళ్లు ఉండేది దానికే.

మెలకువగా ఉండటం ఒక నైపుణ్యం

ఇది నాకు ట్రైనింగ్‌కి ముందు తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర చూస్తూ కూర్చునే వాళ్లు కొంతసేపటికి కనబడుతున్న గుర్తులే వదిలేస్తున్నారని నార్మన్ మ్యాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త పరీక్షించి చూశాడు. గడియారం ముల్లులా గెంతే ఒక సూదిని చూస్తూ, అది అప్పుడప్పుడూ రెండు గెంతులు ఒకేసారి వేస్తే చెప్పాలి. అరగంటకే తప్పులు పెరిగాయి. 1983లో లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ ఇంకో మాట చెప్పింది: తేలిక పనులన్నీ యంత్రానికిచ్చి, కష్టమైన క్షణాన్ని మాత్రం మనిషికి వదులుతాం, కానీ రోజూ చెయ్యని పని ఆ క్షణంలో మనిషికి ఎలా వస్తుంది? ఆటోమేషన్ ప్రాజెక్టు చేస్తున్న ఫైనలియర్ వాళ్లు ఈ ప్రశ్నని మీ రిపోర్టులో ఒక పేజీ అయినా ఆలోచించండి.

దీనికి రైల్వే వాళ్లు కనిపెట్టిన మందు చాలా సాదాగా ఉంటుంది: పైకి చెప్పడం. మన రైల్వేలో లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ సిగ్నల్ రంగుని ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. జపాన్‌లో వేలితో చూపిస్తూ చెబుతారు. న్యూయార్క్ సబ్‌వేలో ప్రతి స్టేషన్‌లోనూ కండక్టర్ నలుపు తెలుపు చారల బోర్డుని వేలితో చూపించాకే తలుపులు తెరుస్తారు. చూసేవాళ్లకి పిచ్చిగా ఉంటుంది. కానీ కన్ను, నోరు, చెయ్యి మూడూ కలిస్తే మనసు పక్కకి పోవడం కష్టం. నేనూ క్యాబ్‌లో ఒక్కదాన్నే "తలుపులు మూసుకున్నాయి, ప్లాట్‌ఫాం క్లియర్" అని చెప్పుకుంటాను.

మిగతాది నిద్ర. మొదటి రైలు డ్యూటీ అయితే ఊరు లేవకముందే లేవాలి, అంటే మా హాస్టల్ రోజుల్లో కబుర్లు మొదలయ్యే టైముకి పడుకోవాలి. పండగలు, ఆదివారాలు డ్యూటీ చార్ట్ ప్రకారమే. ఈ ఉద్యోగానికి రావాలనుకునే వాళ్లు జీతం కంటే ముందు ఈ సంగతి ఇంట్లో మాట్లాడుకోండి. అర్హతలు ఒక్కో మెట్రోకి ఒక్కోలా ఉంటాయి, ఎక్కువగా ఇంజినీరింగ్ డిప్లొమా చాలు. బీటెక్ వృథా పోతుందా అంటే, ప్యానెల్ మీద దీపం వెలిగితే దాని వెనక సర్క్యూట్ ఏం చేస్తోందో ఊహించగలగడం నాకు రోజూ పనికొస్తోంది.

చివరిగా ప్రయాణికులుగా మీకు ఒక లెక్క. మియాపూర్–ఎల్బీనగర్ మధ్య 27 స్టేషన్లు. ఫ్రెండ్ మెట్లెక్కి వస్తున్నాడని ఒక్కో చోట ఒక్కొక్కరు తలుపుకి కాలు అడ్డం పెట్టి పది సెకన్లు ఆపితే మొత్తం నాలుగున్నర నిమిషాలు. రద్దీ వేళ వెనక వచ్చే రైలు ఇంచుమించు అంత దూరంలోనే ఉంటుంది. ఫ్రెండ్‌ని దాంట్లో రమ్మనండి. పసుపు గీతకి ఇవతలే నిలబడమని కూడా చెప్పండి.