బయానా నిచ్చుటకు ముందే ఋణానుమతి

పిల్లల చదువుల నిమిత్తము పట్టణమున నొక యిల్లు కొనవలెనని రైతు కుటుంబములవారు పలువురు తలంచుచున్నారు. తలంపు మంచిదే. కాని మనవారు సాధారణముగా ననుసరించు క్రమము తలక్రిందులుగా నున్నది. మొదట నిల్లు చూతురు. నచ్చినంతనే బయానా నిత్తురు. ఆ పిమ్మట నప్పుకొఱకు బ్యాంకు మెట్లెక్కుదురు. ఈ క్రమమును మార్చుకొనవలెనని సభ్యులకు మనవి చేయుచున్నాము.

ఒక యుదాహరణమును చూతము. ఒక రైతు 24 లక్షల రూపాయల యింటికి 2 లక్షలు బయానా యిచ్చి, మిగిలిన సొమ్ము మూడు నెలలలో చెల్లింతునని కరారు వ్రాసెననుకొందము. తనకు 20 లక్షల యప్పు పుట్టునని యతని యూహ. బ్యాంకువారు అతని రాబడిని, పంట యప్పును, ట్రాక్టరు వాయిదాలను లెక్కించి, 14 లక్షలకు మించి యియ్యజాలమనిరి. గడువు దగ్గఱపడినది. ఇక బయానా వదలుకొనవలెను. లేదా నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట నప్పు తేవలెను. అది సాలుకు నూటికి 24 రూపాయలు. ఇల్లు కొనబోయి పొలము పోగొట్టుకొను మార్గమిదియే.

దీనికి విరుగుడు ముందస్తు ఋణానుమతి. అనగా, ఇల్లు వెదకుటకు ముందే బ్యాంకునకు పోయి, తన యాదాయమును, అప్పులను తెలిపి, ఎంత ఋణము దొరకునో వ్రాతమూలకముగా తెలిసికొనుట. ఆధారు, పాను కార్డులు, పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు ఖాతా లెక్కలు వెంట గొనిపోవలెను. ఉద్యోగికి జీతపు చీటీ యున్నట్లు రైతునకు లేదు. కావున ధాన్యము, మిర్చి, పాలు అమ్మిన రసీదులను భద్రపఱచి, ఆ సొమ్మును ఖాతాలోనే జమ చేయించుకొనుట మేలు.

పాత యప్పులు తీర్చిన తీరునుబట్టి సిబిల్ మొదలగు సంస్థలు 300 మొదలు 900 వఱకు మార్కులిచ్చును. ఆ నివేదికను సాలుకొకసారి యుచితముగా పొందవచ్చును. పొరుగువానికి మనము జామీను నిలిచిన యప్పు మొండిపడినను అది మన లెక్కకే మచ్చ తెచ్చును. తప్పులున్నచో ముందే దిద్దించుకొనవలెను.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము 30 లక్షల వఱకు గల గృహఋణము ఇంటి విలువలో నూటికి 90 వంతులు మించరాదు. ఇల్లు 10 లక్షలకు మించినదైనచో స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు ఆ విలువలో చేరవు. వాటిని మన చేతినుండియే పెట్టుకొనవలెను.

బ్యాంకువారు ఎంత యిత్తురనునది వేఱు. మనమెంత తీర్పగలమనునది వేఱు. సాలుకు నూటికి 9 రూపాయల వడ్డీతో, 20 సంవత్సరముల గడువుతో తీసికొన్న ప్రతి లక్షకును నెలసరి వాయిదా సుమారు 900 రూపాయలు. 14 లక్షలకు 12,600 రూపాయలగును. వాయిదా నెలనెల వచ్చును; పంట నెలనెల రాదు. కావున ఆఱు నెలల వాయిదాలకు సరిపడు 75,600 రూపాయలు వేఱుగా నుంచుకొనక యీ భారమును తలకెత్తుకొనరాదు.

ఒక హెచ్చరిక. ఈ యనుమతి తుది మంజూరు కాదు. ఇది కొనువానిని గూర్చినదే గాని యింటిని గూర్చినది కాదు. లింకు దస్తావేజులను, ఈసీని, కట్టడపు ప్లానును పరిశీలించిన పిదపనే బ్యాంకు సొమ్ము నిచ్చును. అనుమతికి కొన్ని నెలల గడువు మాత్రమే యుండును. కనుక హక్కులోని లోపముచేత ఋణము రానిచో బయానా తిరిగి యియ్యవలెనను షరతును కరారులో తప్పక వ్రాయించుకొనవలెను. నోటిమాట చాలదు.

విత్తనము చేత లేనిదే దుక్కి పదునైనదని సంతసించు రైతు లేడు. ఇంటి విషయమునను అదే జాగ్రత్త పాటింపుడని మా కోరిక. మొదట ఋణము లెక్క, తరువాత ఇల్లు, చివరకు బయానా.