మేసి బ్రదుకు మందలకు గంధకము

గొంగడినుండి ఒక ఉన్నిపోగు తీసి నిప్పుకు చూపినచో, ముక్కు మూసికొనవలసినంత ఘాటైన వాసన వచ్చును. ప్రత్తిదారమును కాల్చినచో కాగితము కాలిన వాసనయే గాని ఆ ఘాటు రాదు. ఈ భేదమునకు ముఖ్యకారణము గంధకము. ఉన్నిలో నూటికి మూడు నాలుగు పాళ్ళు గంధకమే యుండును. ఉన్ని, వెండ్రుక, కొమ్ము, గిట్ట గట్టిగా నిలుచుటకు గంధకముతో ముడిపడిన మాంసకృత్తులే ఆధారము. గొఱ్ఱె ఈ గంధకమును మేసిన మేతనుండియే తెచ్చుకొనవలెను. మేతలో అది కొఱవడినచో ఏమగును, ఆ కొఱతను ఎట్లు తీర్చవలెను, తీర్చబోయి ముప్పు తెచ్చుకొనకుండుట ఎట్లు అను విషయములను ఈ ప్రసంగమున వివరింప దలచితిమి.

2019 సంవత్సరపు పశుగణన ప్రకారము తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశమున సుమారు 1 కోటి 76 లక్షలు గొఱ్ఱెలు కలవు. దేశమందలి గొఱ్ఱెలలో ఇవి దాదాపు సగము. వీనిలో పెక్కింటికి దాణా రుచియే తెలియదు. వానకాలమున బీళ్ళలోని పచ్చిక, కోతల పిమ్మట పొలములలోని మోళ్ళు, వేసవిలో దొరికిన ఎండుగడ్డి, తుమ్మకాయలు, ఇవియే వాని ఆహారము. పాడిపశువు ముందు పెట్టు దాణాను తూచి పెట్టవచ్చును. బయట మేయు మంద ఏమి తిన్నదో, అందులో ఏమి తక్కువైనదో తెలిసికొనుట అంత సులభము కాదు.

మనుష్యుడును, కోడియు వట్టి గంధక లవణములనుండి తమకు కావలసిన మెథియోనైన్ అను మాంసకృత్తుల మూలపదార్థమును తయారు చేసికొనజాలరు. ఆహారములో దానిని సిద్ధముగా పొందవలసినదే. నెమరువేయు జంతువుల సంగతి వేఱు. వాని నెమరుపొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసించుచున్నవి. అవి గడ్డిని పులియబెట్టి, నత్రజనిని, గంధకమును గ్రహించి తమ శరీరములను నిర్మించుకొనును. ఆ సూక్ష్మజీవులు తరువాతి జీర్ణకోశములకు జాఱి, అచ్చట జీర్ణమై పశువునకు మాంసకృత్తులుగా పనికివచ్చును. 1951లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు గొఱ్ఱెపిల్లలకు నత్రజనిని యూరియా రూపమున ఇచ్చి, కొన్నిటికి సల్ఫేటు చేర్చియు, కొన్నిటికి చేర్చకయు పరీక్షించిరి. సల్ఫేటు లేని పిల్లలు చిక్కిపోయినవి. సల్ఫేటు తిన్నవి బరువెక్కినవి.

కావున మనము గంధకము పెట్టునది పశువునకు కాదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులకు. ఈ సంగతి మనసున నుంచుకొన్నచో తక్కిన నియమములన్నియు సులభముగా బోధపడును.

మొదటి నియమము: గంధకము ఒంటరిగా పనిచేయదు. సూక్ష్మజీవులకు నత్రజనియు, గంధకమును ఒక పాళములో కావలెను. గొఱ్ఱెకు 10 పాళ్ళ నత్రజనికి ఒక పాలు, ఆవులకు, ఎద్దులకు 12 మొదలు 15 పాళ్ళకు ఒక పాలు గంధకము చాలునని లెక్క. ఎండుగడ్డికి తోడుగా పశువైద్యుని సలహాపై యూరియా వాడువారు దీనిని మఱవరాదు. 30 గ్రాముల యూరియాలో దాదాపు 14 గ్రాముల నత్రజని యుండునే గాని గంధకము బొత్తిగా ఉండదు. దానికి జతగా ఒక గ్రాముకు పైచిలుకు గంధకము లేనిచో ఆ యూరియాలో కొంతభాగము వ్యర్థమగును.

రెండవ నియమము: కొఱత ఉన్నచోటనే పెట్టవలెను. లేత పచ్చికలోను, పప్పుజాతి మేతలలోను గంధకము సాధారణముగా చాలినంత యుండును. ముదిరి ఎండిన గడ్డిలోను, వరిగడ్డిలోను, జొన్నచొప్పలోను వెయ్యింటికి ఒక పాలు మాత్రమే యుండుట కద్దు. నేల చవుడైనను, ఇసుకపఱ్ఱయైనను కాదు, గంధకము తరిగిన నేలయైనచో అందు మొలచిన మేతయు అట్లే యుండును. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధకులు మెట్టభూములలో గంధకలోపము విస్తారముగా నున్నట్లు కనుగొనిరి. ఒకప్పుడు రైతు వేసిన సూపర్ ఫాస్ఫేటులో నూటికి 11 పాళ్ళ గంధకము దానంతట అది చేరుచుండెడిది. దాని స్థానమున వచ్చిన డి.ఎ.పి.లో గంధకము లేదు.

కొఱత పడిన మందలో ఆకలి మందగించును. ముందు మేత యున్నను పశువు చిక్కిపోవును. ఉన్ని పలుచనై రాలును. కన్నీరు, చొంగ కారును. సూక్ష్మజీవులు నీరసించుటచే తిన్న గడ్డి త్వరగా అరగక పొట్టలోనే నిలిచిపోవుట దీనికి కారణము. అయితే కడుపులో పురుగులు పడినను పశువు ఇట్లే చిక్కిపోవును. కనుక పేడపరీక్ష, మేతపరీక్ష చేయింపక గంధకలోపమని నిశ్చయింపరాదు.

మూడవ నియమము కొలత. 30 కిలోల గొఱ్ఱె దినమునకు సుమారు ఒక కిలో ఎండుమేత తినును. దానికి కావలసిన గంధకము 2 గ్రాములు. ఎండుగడ్డిలో ఒక గ్రాము దొరకును. లోటు ఒక గ్రాము మాత్రమే. మొత్తము 5 గ్రాములకు మించినచో గడ్డి మేయు పశువునకు అపాయము. దాణా ఎక్కువగా తినునదైనచో 3 గ్రాములే హద్దు. అనగా అవసరమునకును, అపాయమునకును నడుమ ఉన్న ఎడము ఒక చిటికెడు పొడి. నూరు గొఱ్ఱెల మందకు దినమునకు కావలసినది 100 గ్రాములే. దానిని ఉప్పులో సరిగా కలుపక తొట్టిలో పోసినచో, బలమైన పొట్టేలు నాలుగింతలు నాకును, బక్కది ఏమియు నాకదు.

అందుచేత వేరుశనగ చెక్కయో, పత్తిగింజల చెక్కయో కొంచెము పెట్టగలవారికి అదియే ఉత్తమము. అందులో మాంసకృత్తులతో పాటు గంధకమును వచ్చును. అది కుదరనివారు గంధకము చేర్చిన ఖనిజలవణ మిశ్రమమును సంచిపై వ్రాసిన మోతాదులో వాడవలెను. వట్టి గంధకముకంటె సల్ఫేటు రూపము సూక్ష్మజీవులకు సులువుగా అందును. మిరపతోటలపై చల్లుటకు అమ్ము గంధకపు పొడిని పశువునకు తినిపింపరాదు. పిడుదులు రాలునను ఆశతో గుప్పెడు పెట్టుటయు తగదు.

మితిమీరిన గంధకము పొట్టలో కుళ్ళిన గ్రుడ్డు వాసనగల విషవాయువుగా మారును. పశువు త్రేన్చి ఆ వాయువును మరల పీల్చును. దానివలన మెదడు దెబ్బతిని, చూపు పోయి, పశువు తలను గోడకు ఆనించి నిలుచును, పిమ్మట పడిపోవును. అంత ముదరకున్నను, మాలిబ్డినముతో కూడిన గంధకము మేతలోని రాగిని బంధించి పశువునకు అందనీయదు. చేదునీటి బావులలోను, బెల్లపుమడ్డిలోను, ఇథనాలు కర్మాగారములనుండి వచ్చు ధాన్యపు పిప్పిలోను గంధకము ముందే అధికముగా ఉండవచ్చును. ఇవి వాడుచోట అదనముగా చేర్చరాదు.

జొన్న మేయు మందల సంగతి ప్రత్యేకము. వానలు లేక వాడిన లేత జొన్నలోను, కోసిన మోళ్ళనుండి చిగిర్చిన పిలకలలోను సయనైడు విషము పుట్టును. అది కొద్దిగా చేరినప్పుడు పశువు కాలేయము దానికి గంధకమును జతచేసి, విషము తగ్గించి, మూత్రముతో విసర్జించును. కావుననే జొన్నపై మేయు మందలకు గంధకపు ఖర్చు హెచ్చు. ఆస్ట్రేలియాలో అట్టి మందలకు ఉప్పు, గంధకము కలిపిన ముద్దలను నాకింతురు. అది దినదినపు లోటును తీర్చునే గాని, విషమెక్కి పడిపోయిన పశువును లేపజాలదు. అప్పుడు పశువైద్యుడు నరమునకు ఎక్కించు థయోసల్ఫేటు మందులోనిదియు గంధకమే. అయితే అది వెంటనే రక్తములో కలియును. ఆ వైద్యము నిమిషములలో అందవలెను గనుక, లేత జొన్నలోనికి మందను తోలకుండుటయే క్షేమము.

ఈ వేసవిలో మంద చిక్కినట్లు కనబడినచో ముందుగా పేడను, గుప్పెడు మేతను, సీసాడు త్రాగునీటిని పరీక్షకు పంపుడు. గంధకము కొనవలెనా వద్దా అనునది ఆ ఫలితము చూచి నిర్ణయింపవచ్చును. కొన్నచో, త్రాసుతో తూచి, పొడి నలుమూలల సమముగా కలియునట్లు ఉప్పుతో కలిపి, ప్రతి గొఱ్ఱెకు తొట్టివద్ద చోటు దొరకునట్లు చూచి పెట్టుడు.