కె.సి. కెనాల్‌లో పడవలెందుకు?

కడప జిల్లా చెన్నూరు పొలాలకు నీళ్లిచ్చే కె.సి. (కర్నూలు-కడప) కెనాల్‌ను పడవలు కూడా నడిచేలా తవ్వారని తెలుసా? తుంగభద్ర మీది సుంకేశుల నుంచి కడప దాకా, దాదాపు 300 కిలోమీటర్లు! 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది.

పడవలే ఎందుకు? మట్టిబాటలో ఎద్దులబండి చక్రాలు కూరుకుపోతాయి. కాలువలోనైతే బరువంతా నీరే మోస్తుంది. గట్టుమీద మనుషులు తాడుతో లాగినా బండ్లకొద్దీ సరుకు కదులుతుంది.

మరి కాలువ పల్లానికి దిగేచోట ఎలా? లాకు ఉండాలి. అంటే రెండు తలుపుల మధ్య పెద్ద తొట్టి. పడవ లోపలికి రాగానే పై తలుపు మూస్తారు. కింది తలుపులోని తూము తెరిస్తే నీరు మెల్లగా తగ్గుతుంది, పడవా దానితోపాటే దిగుతుంది. మట్టం సమానమయ్యాక కింది తలుపు తెరుస్తారు. ఎగువకు వెళ్లాలంటే పైనుంచి నీళ్లు వదిలి తొట్టి నింపుతారు. ఇంజినే లేకుండా పడవ మెట్లెక్కుతుంది, ఎంత గొప్ప ఉపాయం!

అయితే కాలువ పూర్తయ్యేనాటికే రైలు కడప చేరింది. ఎండాకాలం నీళ్లుండవన్న బెంగ పట్టాలకు లేదు. నష్టపోయిన కంపెనీ నుంచి 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. ఇప్పుడా నీళ్లు వరికీ పసుపుకూ పారుతున్నాయి.