గడియారం కాదు, పిండి మాట వినాలి: ఇంట్లో సౌర్‌డో బ్రెడ్

నేను చేసిన మొదటి సౌర్‌డో బ్రెడ్ అట్టులా పరచుకుపోయింది. పుస్తకంలో ఉన్నట్టే పిండిని 10 గంటలు బయట ఉంచాను. కానీ అది చలిదేశపు వంటింటి లెక్క. మాది మే నెల హైదరాబాద్. తప్పు పిండిది కాదు, ఉష్ణోగ్రతను పట్టించుకోని నాది.

సౌర్‌డో అంటే ప్యాకెట్ ఈస్ట్ లేకుండా, పిండిలో సహజంగా ఉండే సూక్ష్మజీవులతో పులియబెట్టే రొట్టె. ఇడ్లీ పిండిని రాత్రి నానేసి పొద్దున పొంగు చూసేవారికి ఇది కొత్త విద్యేమీ కాదు.

స్టార్టర్‌లో ఎవరుంటారు?

50 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల నీళ్లు సీసాలో కలిపి మూత వదులుగా పెట్టండి. రోజూ అందులో 50 గ్రాములు మాత్రం ఉంచి, మళ్లీ అంతే పిండి, అంతే నీళ్లు కలపండి.

రెండో రోజు బాగా పొంగుతుంది. మూడు, నాలుగు రోజుల్లో చప్పబడిపోతుంది. చాలామంది చచ్చిపోయిందనుకుని పారబోసేది ఇక్కడే! నిజానికి మొదటి పొంగు ల్యూకోనోస్టాక్ వంటి తొలి బ్యాక్టీరియాది. ఇడ్లీ పిండి పులవడంలోనూ వాటిదే ముఖ్యపాత్ర. పులుపు పెరిగేకొద్దీ అవి తగ్గి, ఆమ్లాన్ని తట్టుకునే లాక్టోబాసిల్లస్ జాతులు, ఈస్ట్ నిలదొక్కుకుంటాయి. పిండి కలిపిన 4–6 గంటల్లో రెట్టింపు కావడం రోజూ జరుగుతుంటే స్టార్టర్ సిద్ధమైనట్టే. గులాబీ లేదా నారింజ చారలు, బూజు కనిపిస్తే మాత్రం మొత్తం పారేయాలి.

ఈ రెండు వర్గాలు పక్కపక్కనే ఎలా బతుకుతాయి? శాన్‌ఫ్రాన్సిస్కో రొట్టెలపై క్లైన్, సుగిహారా 1971లో ప్రచురించిన పరిశోధన ఒక జవాబిచ్చింది. అక్కడి ఈస్ట్ మాల్టోజ్ చక్కెర జోలికి పోదు. బ్యాక్టీరియాకు అదే ప్రధాన ఆహారం. తిండి దగ్గర తగాదా లేదన్నమాట.

రొట్టె చేద్దాం

మైదా 400 గ్రాములు, నీళ్లు 260, స్టార్టర్ 80, ఉప్పు 8 గ్రాములు కలపండి. అరగంటకోసారి చొప్పున నాలుగుసార్లు పిండి అంచులు లాగి మడవండి. గ్లూటెన్ వల గట్టిపడి వాయువును పట్టి ఉంచుతుంది.

పిండి సుమారు ఒకటిన్నర రెట్లయ్యాక ఆపేయాలి. 30 డిగ్రీలు దాటిన వంటింట్లో ఇందుకు 3–5 గంటలు చాలు. ఇంకా ఉంచితే పెరిగిన ఆమ్లం, ఎంజైములు గ్లూటెన్‌ను బలహీనపరుస్తాయి. నా పిండి జారిపోయింది అందుకే. గుండ్రంగా చుట్టి, పొడిపిండి చల్లిన బట్ట పరచిన గిన్నెలో ఉంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి.

ఓవెన్‌ను 230 డిగ్రీలకు, లోపల మూత ఉన్న మందపాటి ఇనుప గిన్నెతో సహా వేడిచేయండి. రొట్టె పైన బ్లేడుతో ఒక గాటు పెట్టి, మూతతో 20 నిమిషాలు, మూత తీసి మరో 20 నిమిషాలు కాల్చండి. మూత కింద చిక్కిన ఆవిరి పైపొరను మెత్తగా ఉంచుతుంది కాబట్టి, లోపల వ్యాకోచించే వాయువు రొట్టెను పైకి లేపగలుగుతుంది. మూత తీశాక పైపొర ఎండి, వేడెక్కి, మెయిలార్డ్ చర్యతో గోధుమరంగు తిరుగుతుంది.

కోయడానికి కనీసం గంట ఆగండి. వేడిగా ఉన్నప్పుడు లోపలి పిండిపదార్థం ఇంకా గట్టిపడదు, కత్తికి అంటుకుంటుంది.

నా రెండో రొట్టెకు గంటలు లెక్కపెట్టలేదు. సీసాకు రబ్బరు బ్యాండు వేసి, పిండి ఎంత పెరిగిందో చూశాను. ఈసారి రొట్టె పొంగింది.