దవడ శస్త్రచికిత్స తర్వాత ముక్కు నుంచి రక్తమా? తాత్సారం వద్దు

ఎత్తు పళ్లు, ముందుకు వచ్చిన దవడ, ఒకదానితో ఒకటి కలవని పలువరుసలు వంటి లోపాలను సరిచేసే దవడ శస్త్రచికిత్స సాధారణంగా సురక్షితమైనదే. ముఖం వాపు, పెదవి తిమ్మిరి, తొలి రోజుల్లో ముక్కు నుంచి కొద్దిపాటి రక్తం రావడం మామూలే. అయితే ఇంటికి చేరిన వారం, రెండు వారాలకు ముక్కు నుంచి ఒక్కసారిగా ధారగా రక్తం కారితే మాత్రం 'వేడి చేసింది' అని సరిపెట్టుకోరాదు. అరుదుగానైనా అది రక్తనాళం దెబ్బతిన్నదనడానికి సూచన కావచ్చు.

ఎందుకిలా జరుగుతుంది?

పై దవడను 'లెఫోర్ట్-1' పద్ధతిలో సరిచేస్తారు. ముఖ ఎముకలు ఏయే రేఖల వెంట విరుగుతాయో 1901లో వివరించిన ఫ్రెంచి వైద్యుడు రెనే లెఫోర్ట్ పేరే దీనికి వచ్చింది. పళ్ల వేళ్లకు పైభాగాన ఎముకను అడ్డంగా కోసి, వెనుక వైపు పుర్రె నుంచి విడదీసి, సరైన స్థానంలో ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. ఆ వెనుక భాగానికి చేరువలోనే మాగ్జిలరీ ధమని ఉంటుంది. ఉలి మొన గానీ, విరిగిన ఎముక అంచు గానీ తగిలి ధమని గోడకు గాయమైతే రక్తం పక్కకు చేరి బుడగలా ఏర్పడుతుంది. దీనినే 'సూడో ఎన్యూరిజం' అంటారు. దీనికి పటిష్టమైన నాళపు గోడ ఉండదు గనుక రోజుల తర్వాతైనా చిట్లవచ్చు.

మరీ అరుదుగా ధమనికి, సిరకు మధ్య అడ్డదారి ఏర్పడుతుంది. చెవిలో గుండె లయతో హోరు, కన్ను ఎర్రబడి ఉబ్బడం, చూపు మందగించడం దీని లక్షణాలు.

చికిత్స ఉంది

ముక్కులో గుడ్డ కూరితే రక్తం తాత్కాలికంగా ఆగినా, లోపలి బుడగ అలాగే ఉంటుంది. యాంజియోగ్రామ్‌తో లోపాన్ని గుర్తించి, తొడ లేదా చేతి ధమని ద్వారా సన్నని గొట్టాన్ని పంపి, లోహపు తీగచుట్టలు లేదా జిగురు వంటి పదార్థంతో ఆ చోటును మూసివేస్తారు. దీనిని 'ఎంబోలైజేషన్' అంటారు.

ఇవి పాటించాలి

* రక్తం వస్తే తల వెనక్కి వాల్చకుండా కూర్చుని ముందుకు వంగాలి. నోట్లోకి వచ్చిన రక్తాన్ని మింగకుండా ఉమ్మివేయాలి.
* దవడలకు రబ్బరు బ్యాండ్లు ఉంటే కత్తెర అందుబాటులో ఉంచుకోవాలి.
* వైద్యుని సలహా లేనిదే ఆస్పిరిన్ వాడరాదు.
* వెంటనే 108కు ఫోన్ చేయాలి. డిశ్చార్జి పత్రాలు వెంట తీసుకెళ్లి, జరిగిన శస్త్రచికిత్స గురించి వైద్యునికి చెప్పాలి.

దానంతటదే ఆగిన రక్తస్రావం సైతం రాబోయే పెద్ద ప్రమాదానికి ముందస్తు హెచ్చరిక కావచ్చునని రోగులు, బంధువులు గుర్తించాలి.