చలికాలపు ఎండలో ఛాయాచిత్రాలు

చలికాలం రాగానే మన కాలనీ కుటుంబాలు సెలవు రోజుల్లో ఆరుబయట తిరగడం పరిపాటి. చేతిలో ఫోన్ కెమెరా ఎలాగూ ఉంటుంది. అయినా కంటికి కనిపించిన అందం ఫోటోలో కనిపించదు. ఇందుకు కారణం చెప్పడానికి మా పొరపాటునే ఉదాహరణగా తీసుకుంటున్నాము.

1997 డిసెంబరులో మా అమ్మగారు టెక్కలి నుండి వచ్చినప్పుడు, పురానా ఖిల్లా పక్కనున్న జంతు ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళాము. అక్కడి చెరువుల నడుమ చెట్లపై ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. బోనుల్లో ఉంచినవి కావు, వాటంతట అవే వచ్చేవి. "మన తేలినీలాపురం కొంగలే కదా నాయనా ఇవి!" అని ఆమె సంబరపడ్డారు. (మన వైపు వీటిని సైబీరియా కొంగలంటారు గాని, ఇవి ఈ ఉపఖండపు పక్షులే.) 36 ఫోటోల రీలు పూర్తిచేశాము. కడిగించి చూస్తే, మెరిసే నీటి ముందు నిలబెట్టిన అమ్మగారి ముఖం నల్లగా వచ్చింది. కొంగలు సున్నపు ముద్దల్లా ఉన్నాయి. ఆమె మళ్ళీ ఢిల్లీ రాలేదు.

రెండు తప్పులకూ మూలం ఒక్కటే. కెమెరాలోని కాంతి మీటరు, ఎదుట ఉన్నదంతా సగటున ఓ మోస్తరు బూడిద రంగులో ఉంటుందని భావించి లెక్క కడుతుంది. నీటి మెరుపు చూసి కాంతిని తగ్గించింది, ముఖం నల్లబడింది. కొంగ వెనుకనున్న ముదురు చెట్లను చూసి కాంతిని పెంచింది, ఈకల గీతలూ గులాబి ఛాయా కొట్టుకుపోయాయి. నేటి ఫోన్లు మనిషి ముఖాన్ని గుర్తించి కొంత సర్దుకుంటాయి. తెల్లని పక్షి దగ్గర మాత్రం ఇప్పటికీ పొరబడుతుంటాయి. తెరపై పక్షిని వేలితో తాకి, ఈకలు విడివిడిగా కనిపించేవరకు వెలుగు తగ్గించండి. పొగమంచులో ఇందుకు విరుద్ధం: కొంచెం పెంచకపోతే తెల్లని మంచు మురికిగా వస్తుంది.

ఇక ఎండ సంగతి. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా ఢిల్లీలో సూర్యుడు దిఙ్మండలం నుండి సుమారు 38 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. హైదరాబాదులో అదే 49. జూన్‌లోనైతే ఇక్కడ 85, అంటే ఇంచుమించు నడినెత్తిన. కనుక చలికాలంలో వెలుగు రోజంతా ఏటవాలుగా పడుతుంది. సూర్యుడిని భుజం వెనుక ఉంచుకుంటే చాలు, సగం పని అయినట్లే.

పక్షి కంటి ఎత్తుకు కెమెరా దించండి. మోకాళ్ళు సహకరించనివారు గట్టు మీద కూర్చోవచ్చు. ముక్కు ఏ వైపు ఉంటే ఆ వైపు ఖాళీ ఎక్కువ వదలండి. ఓఖ్లా పక్షుల అభయారణ్యంలో వెనుక నోయిడా భవనాలు అడ్డువస్తుంటే, మంచు పూర్తిగా విడవకముందే వెళ్ళండి; అవి మంచులో మరుగున పడతాయి. గూళ్ళ సమీపానికి పోవడం, ఫ్లాష్ వేయడం మాత్రం కూడదు.

జంతు ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు. మార్చి దాటితే గూళ్ళు ఖాళీ అవుతాయి.