డబ్బాలో కొత్తిమీర.. డాబాపై పుదీనా!

పుదీనా లేకపోతే పాతబస్తీలో బిర్యానీ దేగ్చీ పొయ్యి ఎక్కదు. హలీం మీద వేయించిన ఉల్లిపాయలతో పాటు కొత్తిమీర తరుగు పడాల్సిందే. పక్కన పెరుగు చట్నీలోనూ అవే. తెలుగులో కొత్తిమీర, దక్కనీలో కొత్మీర్.. పుదీనా మాత్రం అందరికీ పుదీనాయే! ఆ గుప్పెడు ఆకు కోసం మీరాలం మండీ దాకా పోకుండా నాలుగు మెట్లెక్కి డాబా మీదికెళ్తే సరిపోతే?

ఆదా అయ్యే డబ్బులు కొంచెమే. అసలు సంగతి వేరే. నగరం మురుగంతా మోసుకెళ్లే మూసీ నీటితో పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు ఏళ్ల తరబడి పశుగ్రాసం, వరితో పాటు ఆకుకూరలూ పండించారు. అలాంటి నీటిలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలు వేళ్ల గుండా ఆకులోకి చేరితే ఉప్పునీళ్లలో ఎంత కడిగినా పోవు. కట్టను చూసి అది ఏ నీళ్లు తాగి పెరిగిందో ఎవరు చెప్పగలరు?

పుదీనాకు విత్తనం వెతకక్కర్లేదు. కొన్న కట్టలోంచి లావుపాటి కాడలు నాలుగు ఏరి, కింది ఆకులు తుంచి గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లొస్తాయి. లోతు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలున్న వెడల్పాటి టబ్బు చాలు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి నింపాలి. అడుగున చిల్లులు మరిచిపోతే వేళ్లు కుళ్లుతాయి. పక్కవాళ్ల జాగాలోకి చొరబడే రకం కాబట్టి పుదీనాకు వేరే కాపురమే పెట్టాలి!

కొత్తిమీర కాస్త గారాబం. ధనియం గింజ ఒక్కటిగా కనిపించినా లోపల రెండు విత్తనాలుంటాయి. చపాతీ కర్రతో మెల్లగా నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లితే వారం పది రోజుల్లో మొలకలొస్తాయి. సుమారు 40 రోజులకు కత్తెర పెట్టొచ్చు. షబేబరాత్ నాడు చల్లిన గింజ రంజాన్ చివరి రోజులకు, పండగ బిర్యానీకి సరిగ్గా అందుతుందన్నమాట. ఎండలు ముదిరితే మాత్రం ఆకు పెరగకుండానే పూతకొస్తుంది. 2018లో రంజాన్ మే, జూన్ నెలల్లో వచ్చింది. 2025 నాటికి మార్చికి జరిగింది. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ చలికాలం వైపు పోతోంది కాబట్టి ఇంటి కొత్తిమీరకు ఇక మంచి రోజులే.

ఇరుకు గల్లీల్లో ఎండ దొరికేది డాబా మీదే. అక్కడ పావురాలు కాచుకుని ఉంటాయి! గింజ చల్లగానే పాత దోమతెర కప్పాలి. సంక్రాంతికి పతంగుల పిల్లలు ఎక్కేముందు టబ్బులు పిట్టగోడ వారకు జరపాలి. వేసవిలో నీళ్ల ట్యాంకు నీడ చూపించాలి. నీళ్లకు కటకట ఉన్న ఇళ్లలో బియ్యం కడిగిన నీళ్లే ఆదరువు. ఉప్పు తగలని కడుగు అయితే చాలు. పేనుబంక పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లాలి.

ఇంకో కుండీ ఖాళీగా ఉందా? రుద్రజడ వేయండి. ఫలూదాలో తేలే సబ్జా గింజలు ఆ మొక్కవే.